పెట్టెకు సీలు సరే... మాటకు?

అల్ఫారెట్టాలో మనవాళ్లు కట్టుకునే కొత్త ఇళ్లలో వంటగదిలోకి వెళ్లి చూడండి. పొయ్యి చుట్టూ పరిచిన నల్లరాతి మీద బంగారు చుక్కలు మెరుస్తుంటే అది మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. ముదురు గోధుమరంగు మచ్చల రాయైతే చాలావరకు మన కరీంనగర్ టాన్ బ్రౌన్. ఒంగోలు పక్కన క్వారీలో తీసిన రాయి పలకలై, కంటెయినర్‌లోకి ఎక్కి, సముద్రాలు దాటి, జార్జియాలోని సవానా రేవులో దిగి, అక్కడి నుంచి సుమారు 270 మైళ్లు లారీ మీద ప్రయాణం చేసి మన గడప తొక్కుతోంది. మనలాగే అదీ వలస వచ్చిందే. మనకు పాస్‌పోర్టు, వీసా ఉన్నట్టే దానికీ కాగితాలున్నాయి. మనల్ని ఆపి ప్రశ్నించినట్టే దాన్నీ ఆపి ప్రశ్నిస్తారు.

కొన్నాళ్ల కిందట మేం పని చూస్తున్న ఒక ఇంటికి రావలసిన రాయిని సవానాలో అలాగే ఆపేశారు. ఇల్లు మన తెలుగు కుటుంబానిదే. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు. గుంటూరు నుంచి పెద్దవాళ్లు వచ్చి ఎదురుచూస్తున్నారు. మాకేమో వంటగది గట్టు మీద రాయి పడితే తప్ప సింకు కూర్చోదు. సింకు కూర్చోకపోతే ప్లంబింగ్ తనిఖీ జరగదు. తనిఖీ జరగకపోతే సిటీవాళ్లు ఇంట్లో చేరడానికి అనుమతి పత్రం ఇవ్వరు. ఒక్క కంటెయినర్ ఆగితే ఇంటి పని మొత్తం ఎలా ఆగిపోతుందో సైటు మీద నిలబడేవాళ్లకు తెలుసు. పదిహేడు రోజులు ఆగింది. ముహూర్తం దాటిపోయింది. ఆ వెంటనే ఆషాఢం. పాలు పొంగించాల్సిన పెద్దావిడ 'రాళ్లలో ఏం బాంబులుంటాయి నాయనా?' అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అప్పటికి పది రోజులుగా మేమూ కస్టమ్స్‌వాళ్లను తిట్టుకుంటూనే ఉన్నాం.

తీరా ఆరా తీస్తే బాంబూ కాదు, మత్తుమందూ కాదు. పలకలు ఒరిగిపోకుండా దన్నుగా కట్టిన చెక్కల్లో కొన్నింటి మీద ఉండాల్సిన ముద్ర లేదు. అంతే! అంతర్జాతీయ నిబంధన ప్రకారం ప్యాకింగ్ చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి అరగంట సేపు తగిలేలా కాచాలి, లేదంటే మందు పొగ పెట్టాలి. ఆ పని చేసినట్టు గోధుమ కంకి బొమ్మతో ముద్ర వేయాలి. అమెరికా ఈ నిబంధనను 2005 సెప్టెంబరులో తెచ్చి, 2006 జులై నుంచి పూర్తిగా అమలు చేస్తోంది. ముద్ర లేని చెక్కను వెనక్కి పంపేదాకా మన రాయికి మోక్షం లేదు.

ఇదేం చాదస్తం అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కానీ 2002లో మిషిగన్‌లో బయటపడిన ఒక ఆకుపచ్చ పురుగు కథ తెలిశాక నోరు మూసుకున్నాం. ఆసియా నుంచి వచ్చిన ప్యాకింగ్ చెక్కలోనే అది దిగి ఉంటుందని ఇక్కడి శాస్త్రవేత్తల అంచనా. వేలెడంత కూడా లేని ఆ పురుగు అమెరికాలో కోట్ల సంఖ్యలో యాష్ చెట్లను తినేసింది. 2013లో జార్జియాలోనూ కనిపించింది. ఎక్కడనుకున్నారు? డికాల్బ్, ఫుల్టన్ కౌంటీల్లో. అల్ఫారెట్టా ఉన్నది ఆ ఫుల్టన్ కౌంటీలోనే. అంటే ముద్ర లేని చెక్క ఏం చేయగలదో మన పెరట్లోనే రుజువైంది.

అయితే పెద్దావిడ అడిగిన ప్రశ్నను అంతటితో వదిలేయలేం. రాళ్లలో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది? సవానా రేవు 2024 ఆర్థిక సంవత్సరంలో ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 52 లక్షలకు పైగా కంటెయినర్లు ఎక్కించి దించింది. అన్నిటినీ విప్పి చూడాలంటే బ్రహ్మతరం కూడా కాదు. మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి?

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాకు పట్టుకున్న భయాల్లో కంటెయినర్ ఒకటి. విమానాన్నే ఆయుధంగా వాడినవాడు ఓడలో వచ్చే పెట్టెను వాడడని నమ్మకమేమిటి? ఆ ఏడాది నవంబరులోనే వ్యాపార సంస్థలతో సీ-టీపాట్ అనే ఒప్పందాల పథకం మొదలైంది. మీ గిడ్డంగి, మీ లారీ, మీ సరఫరాదారు అందరి భద్రతకూ మీరు పూచీ పడండి, మేం మీ సరుకును తక్కువగా ఆపుతాం అన్నది దాని సారాంశం. 2002 జనవరిలో మరో పథకం ప్రకటించారు. అమెరికా అధికారులు విదేశీ రేవుల్లోనే కూర్చుని, అనుమానం ఉన్న పెట్టెను అక్కడి అధికారుల చేత ఓడ ఎక్కకముందే తనిఖీ చేయిస్తారు. 2007 నాటికి ఇది 58 రేవులకు పాకింది. అందులో కొలంబో ఉంది, సింగపూర్ ఉంది. ఆ 58లో మన దేశపు రేవు ఒక్కటీ లేదు.

ఆ తర్వాత వచ్చిందే 24 గంటల నిబంధన. 2003 ఫిబ్రవరి నుంచి, అమెరికా వచ్చే ఓడలోకి పెట్టె ఎక్కించడానికి 24 గంటల ముందే అందులో ఏముందో చెప్పాలి. 'వివిధ రకాల సరుకు' అని గుడ్డిగా రాస్తే కుదరదు. 2009 జనవరిలో దీనికి మరో మెలిక పడింది. దిగుమతిదారు పది వివరాలు, ఓడ కంపెనీ రెండు వివరాలు ఇవ్వాలి. అమ్మింది ఎవరు, కొన్నది ఎవరు, తయారుచేసింది ఎవరు, పెట్టెను ఎక్కడ నింపారు, ఎవరు నింపారు... ఇలా. తప్పు రాస్తే ఒక్కో తప్పుకు 5,000 డాలర్ల దాకా జరిమానా. ఇక సరుకు నిండిన పెట్టెకు వేసే ఇనుప బోల్టు సీలు ఎంత గట్టిగా ఉండాలో కూడా 2008 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. ఈ వివరాలన్నీ వర్జీనియాలోని కేంద్రంలో కంప్యూటర్లు జల్లెడ పడతాయి. ఆ జల్లెడలో చిక్కినవాటినే ఎక్స్‌రే కిందకు పంపిస్తారు. అందులోనూ కొన్నింటినే విప్పుతారు. అణు పదార్థాలను పసిగట్టే గేట్ల గుండా మాత్రం రేవు దాటే పెట్టెలు దాదాపు అన్నీ వెళతాయి.

గమనించారా? ఇంత వ్యవస్థలో పెట్టెను చూసేది తక్కువ, కాగితాన్ని చదివేది ఎక్కువ. అమెరికా కాంగ్రెస్‌కూ ఈ అనుమానం రాకపోలేదు. 2012 జులై నాటికి ఈ దేశానికి వచ్చే ప్రతి కంటెయినర్‌నూ విదేశీ రేవులోనే నూటికి నూరు శాతం స్కాన్ చేయాలని 2007లో చట్టమే చేసింది. గడువు వచ్చింది, పోయింది. స్కానర్లు పెట్టడానికి చోటు లేదు, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేలలేదు, ఒక ఓడ దిగి మరో ఓడ ఎక్కే పెట్టెలను మధ్యలో పట్టుకునే మార్గం కనిపించలేదు. గడువును రెండేళ్ల చొప్పున పొడిగిస్తూ వచ్చారు. చట్టం పుస్తకంలో ఉంది, పెట్టెలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి.

కాబట్టి అసలు తాళం సీలు కాదు, కాగితం. పెట్టె నింపినవాడు రాసిన నాలుగు మాటలు. ఆ మాట నిజమైతే వ్యవస్థ మొత్తం పనిచేస్తుంది. అబద్ధమైతే ఎంత లావు బోల్టు సీలు వేసినా లోపలున్న అబద్ధానికే కాపలా కాసినట్టు.

ఎక్కడో దూరాన ఉదాహరణలు వెతకనక్కర్లేదు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో డీఆర్ఐ అధికారులు రెండు కంటెయినర్లు పట్టుకున్నారు. కాగితాల ప్రకారం అది అఫ్గానిస్థాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చిన టాల్క్ రాయి. విప్పితే సుమారు 2,988 కిలోల హెరాయిన్! ఆ సరుకు తెప్పించుకున్న సంస్థ చిరునామా ఎక్కడిదో తెలుసుగా? మన విజయవాడది. సరుకు బెజవాడ ముఖం చూడలేదనీ, చిరునామా మాత్రమే అక్కడిదనీ పోలీసులు చెప్పారు. నిజమే కావచ్చు. కానీ ఆ మాటలోనే ప్రమాదమంతా ఉంది. ఒక ఇంటి నంబరు, ఒక రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే చాలు, ప్రపంచంలో ఏ మూల నుంచైనా ఏదైనా తెప్పించవచ్చని తేలింది. ఆ పెట్టెలు దొరికింది ముందుగా సమాచారం అందడం వల్ల. కాగితాన్ని నమ్మి వదిలేసి ఉంటే దర్జాగా గేటు దాటి పోయేవి.

కాకినాడ సంగతీ అంతే. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పడవెక్కి స్టెల్లా ఎల్ అనే ఓడ దాకా వెళ్లి, పేదల రేషన్ బియ్యం విదేశాలకు తరలిపోతోందని గగ్గోలు పెట్టేదాకా అది పెద్ద వార్త కాలేదు. ఆ ఓడలో వెయ్యి టన్నులకు పైగా రేషన్ బియ్యం ఉందని తర్వాత అధికారులు తేల్చారు. బియ్యం అంత బరువు సరుకు కాగితాల చాటున ఓడ ఎక్కగలిగితే, మరొకటి ఎక్కలేదని ఎవరు చెప్పగలరు? దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగితే ఏం లాభం?

సరే, పెద్ద దొంగల సంగతి చెప్పుకొన్నాం. ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సింది మనమే.

మన ఊరి నుంచి ఆవకాయ పార్సెల్ రాని తెలుగిల్లు అల్ఫారెట్టాలో ఉందా? ఆ పార్సెల్ మీద ఏం రాయిస్తాం? పచ్చడిని 'బట్టలు' అంటాం. వంద డాలర్ల చీరను 'గిఫ్ట్, ఇరవై డాలర్లు' అంటాం. మేమూ రాయించాం. కారప్పొడి డబ్బాలను 'పాత పుస్తకాలు' అని రాయించిన రోజులున్నాయి. కొరియర్ కొట్టువాడే అలా రాయమని సలహా ఇచ్చేవాడు, మనం నవ్వుకుంటూ సంతకం పెట్టేవాళ్లం. అది నేరమని ఎప్పుడూ అనిపించలేదు.

కానీ ఆ పార్సెల్ ఎక్కేది విమానం. చాలాసార్లు మనుషులు కూర్చున్న విమానం కిందే అదీ ప్రయాణం చేస్తుంది. 2010 అక్టోబరులో యెమెన్ నుంచి అమెరికాకు బయల్దేరిన ప్రింటర్ కాట్రిడ్జ్‌లలో బాంబులు దొరికాయి. సౌదీ నిఘావర్గాలు ముందే చెప్పబట్టి బ్రిటన్‌లో ఒకటి, దుబాయ్‌లో ఒకటి పట్టుకున్నారు. విమానంలో వచ్చే సరుకు వివరాలు కూడా ఎక్కించకముందే పంపే పద్ధతి ఆ తర్వాత ప్రయోగంగా మొదలై, 2018 జూన్ నుంచి తప్పనిసరి అయింది. 2024 జులైలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో కొరియర్ గిడ్డంగుల్లోనే పార్సెళ్లు అంటుకున్నాయి. అవి విమానంలో అంటుకుని ఉంటే? 'పాత పుస్తకాలు' అని రాసిన మన అబద్ధం, అలాంటివాడు రాసే అబద్ధం కంప్యూటర్ జల్లెడలో ఒకే రకంగా కనిపిస్తాయి. మనలాంటి లక్షల మంది చిన్న అబద్ధాల గుంపులోనే పెద్ద అబద్ధం దాక్కుంటుంది.

దానికి మనం కట్టిన మూల్యం కళ్లముందే ఉంది. 2016 నుంచి 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేకుండా, పెద్దగా వివరాలు అడక్కుండా అమెరికా వదిలేసేది. 2024 ఆర్థిక సంవత్సరానికి అలా వచ్చిన పొట్లాలు 136 కోట్లు. ఫెంటనిల్ మత్తుమందు, నకిలీ సరుకు, తక్కువ ధర చూపడం... ఇలాంటి కారణాలు చెప్పి 2025 ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటును అన్ని దేశాలకూ తీసేశారు. లెక్కలు ఎలా కట్టాలో, సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆ నెల 25 నుంచే అమెరికాకు పార్సెళ్లు ఆపేసింది. మొదట ఉత్తరాలు, వంద డాలర్ల లోపు కానుకలు తప్ప మిగతావన్నీ నిలిచిపోయాయి, ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. అక్టోబరు 15న గానీ మళ్లీ తెరవలేదు. ఆ యాభై రోజులు ఇంటి నుంచి మందుల కోసం, దసరా బట్టల కోసం ఎదురుచూసినవాళ్లను అడగండి. సుంకాల వెనక రాజకీయం ఉందనడంలో సందేహం లేదు. కానీ తక్కువ ధర చూపుతున్నారన్న ఆరోపణకు మనమూ కొంత ముడిసరుకు అందించామని ఒప్పుకోకపోతే ఆత్మవంచనే.

విచిత్రమేమిటంటే చాలాసార్లు అబద్ధం అవసరమే లేదు. తినే వస్తువు ఏది వచ్చినా ముందస్తు నోటీసు ఇవ్వాలన్న నిబంధన 2003 డిసెంబరులో వచ్చింది. అయితే ఇంట్లో స్వయంగా చేసి, సొంతవాళ్లకు కానుకగా పంపేదానికి ఆ నోటీసు నుంచి మినహాయింపు ఉంది. అమ్మ పెట్టిన ఆవకాయను 'అమ్మ పెట్టిన ఆవకాయ' అని రాస్తేనే మనకు మేలు. కొట్టులో కొని పంపిన దానికి ఆ మినహాయింపు వర్తించదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి లాంటివి ఇండియా నుంచి అసలే రానివ్వరు. ఈ నాలుగు ముక్కలు తెలియక ఎంతమంది అబద్ధం రాసి, సరుకు చెత్తబుట్ట పాలు చేసుకున్నారో!

అంతమాత్రాన ప్రభుత్వాలు చేసేదంతా ధర్మమని మేం చెప్పడం లేదు. మా కంటెయినర్ సంగతే తీసుకోండి. తనిఖీ ఖర్చు దిగుమతిదారుదే. పెట్టెలో ఏ తప్పూ లేదని తేలినా ఆ ఖర్చు అతనిదే. తనిఖీ స్థలానికి తోలిన లారీ కిరాయి, విప్పి మళ్లీ సర్దిన కూలి అన్నీ అతని నెత్తినే. రేవులో కదలకుండా ఉన్న రోజులకు అద్దె మీటరు చాలాసార్లు తిరుగుతూనే ఉంటుంది. పెద్ద కంపెనీలకు సీ-టీపాట్ ఉంది. వరసలో ముందు నిలబడతాయి, తక్కువసార్లు ఆగుతాయి. నెలకు ఒకటో రెండో పెట్టెలు తెప్పించుకునే చిన్న గ్రానైట్ కొట్టువాడికి ఆ పథకంలో చేరే సిబ్బందీ లేదు, తీరికా లేదు. అతను ఆ భారాన్ని రాయి ధరలో కలుపుతాడు. రాయి బిగించే కుర్రాళ్ల దగ్గరకొచ్చేసరికి కలపడానికి ఏమీ ఉండదు. గంటల లెక్కన కూలి వాళ్లది. పని లేని రోజు జీతం లేదు. ఆ పదిహేడు రోజుల్లో మా సైటుకు రావాల్సిన నలుగురు వేరే పని వెతుక్కున్నారు, ఒకరికి దొరకలేదు. దేశ భద్రతకు అయిన ఖర్చులో ఆ కుర్రాడి వాటా కూడా ఉందని ఏ లెక్కల్లోనూ కనిపించదు.

అందుకే మేం కోరేది మూడు. మొదటిది, ఇక్కడి ప్రభుత్వం. ఆపడం మీ హక్కు. కానీ ఎందుకు ఆపారో మూడు రోజుల్లో చెప్పండి. చెక్క ముద్ర లేదని మూడో రోజున తెలిసి ఉంటే మేం రాయి వేరే చోట కొనుక్కునేవాళ్లం, ముహూర్తం నిలబడేది. తప్పు లేదని తేలిన పెట్టె ఖర్చులో చిన్న దిగుమతిదారుకు ఎంతో కొంత వెనక్కి ఇవ్వండి. అందరి భద్రత కోసం చేసే పనికి ఖర్చు కూడా అందరూ పంచుకోవడమే న్యాయం.

రెండోది, మన ప్రభుత్వాలు. 2017లో ఎగుమతిదారులే ఫ్యాక్టరీలో తమ పెట్టెకు తామే ఎలక్ట్రానిక్ సీలు వేసుకునే పద్ధతిని కేంద్రం తెచ్చింది. నమ్మకస్తులైన వ్యాపారులను పరస్పరం గుర్తించుకునేలా 2021లో భారత్, అమెరికా కస్టమ్స్ శాఖలు ఒప్పందమూ చేసుకున్నాయి. బాగానే ఉంది. కానీ చీమకుర్తిలో పలకలు కోసే చిన్న యూనిట్‌కు ఆ గుర్తింపు ఎలా తెచ్చుకోవాలో ఎవరు నేర్పుతారు? చెక్కకు ముద్ర ఎందుకు వేయాలో పెట్టె నింపే కూలీకి ఎవరు చెబుతారు? మా కంటెయినర్ పదిహేడు రోజులు ఆగడానికి మూలం అక్కడుంది, సవానాలో కాదు. ఎగుమతి దిగుమతి లైసెన్సు ఇచ్చేముందు ఆ చిరునామాకు ఒక మనిషి వెళ్లి తలుపు తట్టి చూస్తే చాలు, మరో విజయవాడ చిరునామా పత్రికలకెక్కదు. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవులను పెంచుతామని చెప్పే ప్రతి నాయకుడూ అక్కడి స్కానర్ల గురించి, తనిఖీ సిబ్బంది గురించి కూడా ఒక మాట చెప్పాలి.

మూడోది, మనం. మన తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి సభలు చేస్తాయి, సినిమావాళ్లను పిలుస్తాయి. ఏడాదికి ఒక్క ఆదివారం, ఒక గంట, పార్సెల్ మీద ఏం రాయాలో, ఏం పంపకూడదో చెప్పించలేవా? ఇండియాలో ఉన్న పెద్దవాళ్లకు తెలుగులో ఒక పేజీ రాసి పంపలేమా? కొరియర్ కొట్టువాడు అబద్ధం రాయమన్నప్పుడు 'వద్దండీ, ఉన్నదే రాయండి' అనలేమా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

ఆ ఇంటి గృహప్రవేశం చివరకు శ్రావణంలో జరిగింది. చీమకుర్తి రాయి పక్కన పాలు పొంగాయి. పెద్దావిడ గుంటూరు తిరిగి వెళ్లాక కొడుక్కి ఆవకాయ పార్సెల్ పంపారు. కొట్టువాడు బట్టలని రాయబోతే ఆపి, 'మామిడికాయ ఆవకాయ, రెండు కిలోలు, ఇంట్లో పెట్టింది' అని రాయించారట. పార్సెల్ నాలుగు రోజులు ఆలస్యంగా చేరింది. విప్పి చూసి, మళ్లీ టేపు అంటించి పంపారు. సీసా మాత్రం క్షేమంగా వచ్చింది. మనం పంపే తర్వాతి పార్సెల్ మీద కూడా ఉన్నదే రాద్దాం. ఆ తర్వాతే ప్రభుత్వాలను నిలదీద్దాం. అప్పుడు మన మాటకు బరువుంటుంది.